కొత్త ఇంజనుకు కాడి మరపడం

కొత్త కోడెను కొన్న రైతు దాన్ని మరునాడే దమ్ములో దింపడు. ముందు ఒట్టి కాడి మెడ మీద వేసి నాలుగు అడుగులు నడిపిస్తాడు. తరువాత పని తెలిసిన ఎద్దును జోడు కట్టి ఖాళీ బండికి పూనుస్తాడు. కొన్నాళ్లు పోయాక సగం బరువు వేస్తాడు. మెడ గట్టిపడిందని తోచిన తరువాతనే పూర్తి బరువు. అట్లాగని కోడెను కొట్టంలో కట్టేసి జొన్న చొప్ప మేపుతూ కూర్చుంటే దానికి ఎన్నటికీ కాడి అలవాటు కాదు. తాతల నాటినుంచి మనకు తెలిసిన సంగతే ఇది. కాని అదే రైతు లక్షలు అప్పు చేసి కొత్త ట్రాక్టరు ఇంటికి తెచ్చినప్పుడు ఈ సంగతి మరచిపోతున్నాడు. ఇంజనుకు కూడా కాడి మరపవలసి వుంటుంది. ఎట్లా మరపాలి, అది మరిగిందో లేదో ఎట్లా తెలుసుకోవాలి, ఈ రెండు సంగతులూ ఈ రోజు చెప్పుకుందాం.

కృష్ణా డెల్టా దిగువన వున్న మన గుడివాడ, బందరు, దివిసీమ ప్రాంతాలలో దమ్ముల రోజులు చాలా కొద్ది. ప్రకాశం బారేజి దగ్గర వదిలిన నీరు కాలువల వెంట నడిచి నాగాయలంక, కోడూరు వంటి శివారు భూములకు చేరేసరికి ఆలస్యమౌతుంది. నీరు చేరగానే అందరికీ ఒక్కసారే ట్రాక్టరు కావాలి. అందుచేత చాలామంది సరిగ్గా ఆ అదనుకు అందేటట్లు ట్రాక్టరు కొంటారు. వచ్చిన రోజు పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొడతారు. మరునాడు దమ్ము చక్రాలు బిగిస్తారు. ఇక ఇద్దరు డ్రైవర్లు, రాత్రీ పగలూ ఒకటే దమ్ము. అప్పు వాయిదా కట్టుకోవాలి గదా, బాడుగ వచ్చేది ఆ నాలుగు రోజులే గదా అంటారు.

ఇంకొక రకం రైతు వున్నాడు. కొత్త యంత్రం మీద ప్రేమకొద్దీ దాన్ని బరువుకు పెట్టడు. రోజూ పొద్దున్నే వాకిట్లో స్టార్టు చేసి అరగంట సేపు వూరికే ఆడిస్తాడు. ఖాళీ ట్రక్కుతో అవనిగడ్డ దాకా వెళ్లి వస్తాడు. "మెల్లగా వాడుతున్నాను, ఇంజను పది కాలాలపాటు వుంటుంది" అనుకుంటాడు.

ఈ ఇద్దరూ ఏడాది తిరగకముందే మెకానిక్కు షెడ్డులో కలుసుకొనే అవకాశం వున్నది. ఇద్దరి ఫిర్యాదూ ఒకటే: "కొత్త ఇంజనేనండీ, ఆయిలు తాగేస్తున్నది!"

ఎందువల్ల ఇట్లా జరుగుతుందో తెలియాలంటే ఇంజను లోపలికి ఒకసారి తొంగి చూడాలి. సిలిండరులో పిస్టను పైకీ కిందికీ ఆడుతూ వుంటుంది. పిస్టను చుట్టూ గాడులలో రింగులు వుంటాయి. పై రింగుల పని, పైన మండిన డీజిలు ఒత్తిడిని కిందికి పోనీయకుండా ఆపటం. అడుగు రింగు పని, గోడకు అంటిన ఆయిలును గీకి కిందికి దింపటం. గోడ మీద సన్నని ఆయిలు పొర ఎప్పుడూ వుండాలి. పొర లేకపోతే రాపిడికి గోడ చెడిపోతుంది. పొర మందమైతే ఆ ఆయిలు కూడా డీజిలుతోపాటు కాలిపోతుంది.

కొత్త సిలిండరు గోడ చూడటానికి అద్దంలాగా కనిపించినా, దాని మీద ఒకదాని నొకటి అడ్డంగా కోసుకొనే సన్నని గీతలు వుంటాయి. ఇవి ఫ్యాక్టరీలో కావాలని చేసిన గీతలు. ఆ గీతల మిట్టలు మొదటి గంటలలో రింగుల రాపిడికి అరిగి చదును అవుతాయి. పల్లాలలో ఆయిలు నిలుస్తుంది. రింగు అంచు కూడా గోడకు తగినట్లు అరిగి, ఎక్కడా సందు లేకుండా ఆనుకుంటుంది. దీన్నే మెకానిక్కులు రింగులు కూర్చోవటం అంటారు. ఇది ఒక్కసారే జరిగే పని. మొదటి కొన్ని గంటలలో బాగా జరిగితే ఇంజను బ్రతికినన్నాళ్లూ సుఖం.

ఇప్పుడు అసలు కిటుకు చెబుతాను. రింగును గోడకు నొక్కేది రింగులోని స్ప్రింగు గుణం కొంతమాత్రమే. ఎక్కువ భాగం నొక్కేది, పైన మండిన వాయువు రింగు వెనకకు చేరి తోసే తోపు. ఇంజను మీద బరువు వుంటేనే ఆ తోపు వుంటుంది. ఖాళీగా ఆడే ఇంజనులో తోపు చాలదు, రింగు గోడకు గట్టిగా ఆనదు. మిట్టలు అరగటానికి బదులు, వాటి మీద ఆయిలు కాలి గాజులాంటి నున్నని పూత పడుతుంది. ఆ పూత ఒకసారి పడిందంటే తరువాత ఎంత బరువు పెట్టినా రింగులు కూర్చోవు. సిలిండరు విప్పి మళ్లీ గీతలు వేయించవలసిందే. వాకిట్లో ఆడించే రైతు చేసిన తప్పు ఇది.

రాత్రింబగళ్లు దమ్ము చేసే రైతు తప్పు ఇందుకు ఎదురు. చదును కాని గోడ మీద, చదును కాని రింగు, పూర్తి బరువుతో గంటల తరబడి ఆడితే రాపిడి వేడి పెరుగుతుంది. ఆయిలు పొర తెగుతుంది. లోహం లోహాన్ని పట్టి నిలువు గీరలు పడతాయి. ఆ గీరల వెంట ఆయిలు పైకి, ఒత్తిడి కిందికి దారి చేసుకుంటాయి. మన నల్లరేగడి దమ్ము సామాన్యమైన బరువు కాదు. మోకాటి లోతు బురదలో దమ్ము చక్రాలు తిప్పటం ట్రాక్టరుకు ఏడాది మొత్తం మీద అతి కష్టమైన పని.

కాబట్టి బరువు వుండాలి, కాని అతి కాకూడదు, ఒకే తీరున వుండకూడదు. మొదటి 50 గంటలు ఈ విధంగా నడపండి.

ఒకటి. స్టార్టు చేసిన తరువాత ఒకటి రెండు నిమిషాలు ఆగి, మెల్లగా కదలండి. వేడి ముల్లు సగానికి వచ్చేదాకా బరువు పెట్టవద్దు. గంటల కొద్దీ వూరికే ఆడించనూ వద్దు.

రెండు. సగం నుంచి ముప్పాతిక బరువు గల పనులు చూసుకోండి. సగం నింపిన ట్రక్కుతో పెంట తోలకం, పాటిమట్టి తోలకం, తేలిక నేలలో పైపైన దుక్కి, ఇవి మంచివి. ఒకే గేరులో, ఒకే వేగంతో గంటల తరబడి పోకుండా వేగాన్నీ బరువునూ మారుస్తూ వుండండి. బరువు తగ్గిన కొద్ది నిమిషాలలో గోడ చల్లబడి, రాలిన లోహపు పొడిని ఆయిలు కడిగివేస్తుంది.

మూడు. పెద్ద గేరులో పెట్టి, ఇంజను మొరాయిస్తూ నల్లపొగ కక్కుతుంటే బలవంతాన లాగించవద్దు. గేరు తగ్గించండి. అట్లాగే ఖాళీ ఇంజనును మోత మోగేటట్లు రేజు చేయవద్దు.

నాలుగు. ఆపే ముందు ఒకటి రెండు నిమిషాలు మెల్లగా ఆడనిచ్చి ఆపండి. టర్బో వున్న ఇంజనుకు ఇది మరీ అవసరం. వేగంగా తిరిగే టర్బోకు ఆయిలు ఒక్కసారి ఆగిపోతే దాని బేరింగులు మాడుతాయి.

ఐదు. మొదటి సర్వీసు మానవద్దు. చాలా ట్రాక్టర్లకు అది 50 గంటల దగ్గర వుంటుంది. మీ ట్రాక్టరుతో ఇచ్చిన పుస్తకంలో ఎన్ని గంటలని వుంటే అదే ప్రమాణం. రింగుల నుంచి, గోడ నుంచి రాలిన లోహపు పొడి ఆ మొదటి ఆయిలులోనూ ఫిల్టరులోనూ వుంటుంది. రెండూ మార్చవలెను. "ఆయిలు ఇంకా బాగానే వుంది గదా" అని వాయిదా వేస్తే, ఆ పొడినే మళ్లీ మళ్లీ ఇంజను చేత తాగించినట్లు.

మరి దమ్ముల అదను తప్పిపోతుంది గదా అని మీరు అడగవచ్చు. అందుకు ఉపాయం కొనే నెలలో వున్నది. దాళ్వా కోతలు, మినుము నూర్పిళ్లు ముగిసి, కాలువలు కట్టివేసిన ఎండాకాలంలో ట్రాక్టరు కొనండి. పెంట తోలకాలు, మట్టి తోలకాలు వుండేది అప్పుడే. కాలువలు వదిలే నాటికి ఇంజను 50 గంటలు తిరిగి, మొదటి సర్వీసు కూడా అయిపోయి, దమ్ముకు సిద్ధంగా వుంటుంది. నెల ముందు కొన్నందుకు వడ్డీ కొంత పడుతుంది, నిజమే. కాని సరిగ్గా నాట్ల నడుమ ట్రాక్టరు షెడ్డు పాలైతే పోయే బాడుగ ముందు, ఇంజను విప్పితే అయ్యే ఖర్చు ముందు, ఆ వడ్డీ చిన్నది.

ఇక రెండవ సంగతి, ఆయిలు లెక్క.

ఇంజను ఎంత మంచిదైనా కొంత ఆయిలు ఖర్చు కావటం సహజమే. ప్రశ్న ఎంత అన్నది. దాన్ని చూపుతో చెప్పలేము, కొలవాలి. కొలిచే పద్ధతి ఇది.

ట్రాక్టరును చదునైన చోట నిలపండి. కాలవ గట్టు వాలులో నిలిపి చూస్తే గేజి పుల్ల అబద్ధం చెబుతుంది. ఇంజను ఆపి పది నిమిషాలు ఆగండి, పైన వున్న ఆయిలు కిందికి దిగాలి. గేజి పుల్లను తీసి శుభ్రమైన గుడ్డతో తుడిచి, మళ్లీ పూర్తిగా దింపి తీసి చూడండి. ఆయిలు రెండు గీతల నడుమ వుండాలి. పై గీత దాటించి పోయవద్దు. ఎక్కువైతే తిరిగే క్రాంకు ఆయిలును చిలికి నురుగు చేస్తుంది, ఆ నురుగుతో బేరింగులకు ఆయిలు సరిగా అందదు.

మొదటి సర్వీసు రోజున కొత్త ఆయిలు సరిగ్గా పై గీతకు పోయించి, గంటల మీటరు ఎంత వున్నదో పుస్తకంలో రాయండి. ఆ తరువాత రోజూ పొద్దున స్టార్టు చేయకముందు గేజి పుల్ల చూడండి. ఆయిలు కలపవలసి వస్తే గీతలున్న కొలపాత్రతో కొలిచి పోయండి. డబ్బాలో నుంచి కళ్లజూపుగా వంచవద్దు. ఎన్ని మిల్లీలీటర్లు పోశారో, ఎన్ని లీటర్ల డీజిలు పట్టారో రాయండి. ప్రతి 50 గంటలకు ఒకసారి ఆయిలును మళ్లీ పై గీతకు తెచ్చి మొత్తం కట్టండి.

ఒక లెక్క వేసి చూద్దాం. ఒక ట్రాక్టరు గంటకు 4 లీటర్ల డీజిలు తాగుతుందనుకోండి. 50 గంటలకు 200 లీటర్లు. సర్వీసు తరువాత మొదటి 50 గంటలలో 600 మిల్లీలీటర్ల ఆయిలు కలిపాము. 200 లీటర్ల డీజిలుకు 0.6 లీటరు ఆయిలు, అంటే నూటికి 0.3. రెండవ 50 గంటలలో 400 మిల్లీలీటర్లు, నూటికి 0.2. మూడవ 50 గంటలలో 300, నూటికి 0.15. అంకె దిగుతూ వస్తున్నది. రింగులు కూర్చుంటున్నాయన్నమాట. నిశ్చింతగా వుండవచ్చు.

ఇంకొక ట్రాక్టరుకు మొదట 600, తరువాత 1000, ఆ తరువాత 1600 మిల్లీలీటర్లు పట్టాయి. నూటికి 0.3, 0.5, 0.8. డీజిలు ఖర్చులో నూటికి ఒక వంతు దాటితే ఆయిలు ఖర్చు ఎక్కువన్నది స్థూలంగా వాడుకలో వున్న లెక్క. ఈ ట్రాక్టరు ఆ హద్దు ఇంకా దాటలేదు. ఐనా అంకె ఎక్కుతూ పోతున్నది గనుక హద్దు దాటేదాకా కాచుకోకూడదు. వారంటీ వుండగానే, మీ పుస్తకం పట్టుకొని కంపెనీ వారి దగ్గరకు వెళ్లవలెను. "ఆయిలు ఎక్కువ తాగుతోందండీ" అన్న నోటిమాటకు "కొత్తలో అట్లాగే వుంటుంది, పోండి" అనే జవాబు రావచ్చు. తేదీలు, గంటలు, లీటర్లు రాసిన పుస్తకాన్ని అంత తేలికగా తోసిపుచ్చలేరు.

ఆయిలును గంటలతో గాక డీజిలుతో ఎందుకు పోల్చాలంటే, దమ్ములో గడిచిన గంట, ఖాళీ ట్రక్కుతో గడిచిన గంట ఒకటి కావు గనుక. ఇంజను ఎంత కష్టపడిందో డీజిలు చెబుతుంది. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో 1955 నుంచి వున్న కేంద్ర వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ట్రాక్టర్లను పరీక్షించేటప్పుడు ఇంజను ఆయిలు ఖర్చును కూడా కొలుస్తుంది. ఆ పెద్ద పరీక్షకు మన ఇంటి పుస్తకం చిన్న తమ్ముడు.

అంకె పెరిగితే వెంటనే రింగుల మీద నింద వేయవద్దు. ముందు రాత్రి ట్రాక్టరు నిలిపిన చోట కింద అట్ట పరచి, పొద్దున మరకలు వున్నాయేమో చూడండి. అడుగు బోల్టు, ఫిల్టరు, పై మూత ప్యాకింగు దగ్గర తడి వుంటే ఆయిలు కారుతున్నది, కాలటం లేదు. కారటం లేకుండా పొగగొట్టం నుంచి నీలపు పొగ వస్తుంటే ఆయిలు కాలుతున్నది. నల్లపొగ ఐతే డీజిలు ఎక్కువ, గాలి తక్కువ. అప్పుడు ఎయిర్ క్లీనరు చూడండి. మినుము నూర్పిళ్ల దుమ్ము, వరిపొట్టు ఎయిర్ క్లీనరును త్వరగా మూస్తాయి. దాని గొట్టం చిట్లి దుమ్ము లోపలికి పోతే, ఎంత బాగా కాడి మరపిన ఇంజనైనా కొద్ది రోజులలో రింగులు అరగగొట్టుకుంటుంది. డీజిలు ఇంజను ఆయిలు నల్లబడటం మాత్రం జబ్బు కాదు, మసిని అది తనలో కలుపుకుంటుంది గనుక నల్లబడుతుంది.

గేజి పుల్ల మీద ఆయిలు తగ్గితే అందరూ కంగారుపడతారు. పెరిగితే సంతోషిస్తారు. నిజానికి పెరగటమే ఎక్కువ ప్రమాదం. మీరు పోయకుండా ఆయిలు పెరిగిందంటే దానిలో డీజిలో, నీళ్లో చేరుతున్నాయి. పలచబడి డీజిలు వాసన కొడితే డీజిలు. మజ్జిగలాగా తెల్లబడితే నీళ్లు. ఏదైనా సరే, ఇంజను స్టార్టు చేయవద్దు.

మన ప్రాంతానికి ఈ మాట మరీ ముఖ్యం. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బారేజి దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు దివిసీమ లంక గ్రామాలలోకి నీరు వచ్చింది. అటువంటి వరదలో మునిగిన ట్రాక్టరును నీరు తీయగానే "ఆడుతుందేమో చూద్దాం" అని స్టార్టు చేయటం పెద్ద పొరపాటు. ముందు గేజి పుల్ల, ఎయిర్ క్లీనరు చూడాలి. సిలిండరులోకి నీరు చేరి వుంటే ఒక్క తిప్పుకే కడ్డీ వంగిపోతుంది. మెకానిక్కును పిలిచి, నీరు వంచి, ఆయిలూ ఫిల్టర్లూ మార్చిన తరువాతనే తిప్పాలి. ఉప్పునీరు తగిలిన యంత్రాన్ని మంచినీటితో త్వరగా కడగకపోతే తుప్పు మొదలౌతుంది.

శివారు పొలాలకు నీరు తోడే ఆయిలింజన్లకు, చేపల చెరువుల మీది ఇంజన్లకు కూడా ఇవే సూత్రాలు. వాటిలో పట్టే ఆయిలు కొద్ది గనుక రోజూ తప్పకుండా చూడాలి. గట్టు మీద వాలుగా నిలపకుండా, అడుగున చెక్కలు వేసి చదునుగా నిలపండి. కొత్తగా కారు కొన్నవారు మొదటి వెయ్యి కిలోమీటర్లు ఒకే వేగంతో పోకుండా, అతి వేగం లేకుండా, వేగం మారుస్తూ నడపండి. గుడివాడ నుంచి బందరు వెళ్లే దారిలో మలుపులు, వూళ్లు వుండనే వున్నాయి, ఆ దారే మంచి బడి. కారు ఆయిలును వెయ్యి కిలోమీటర్లకు ఇంత అని రాసుకోండి. కొన్ని కంపెనీల పుస్తకాలు వెయ్యి కిలోమీటర్లకు అర లీటరు దాకా సహజమేనంటాయి. మీ కారు పుస్తకం ఏమంటున్నదో చూసి పోల్చుకోండి.

ఆయిలు రకం కూడా పుస్తకంలో చెప్పినదే వాడండి. ఆయిలు ఎక్కువ తాగుతున్నదని చిక్కని ఆయిలు పోయటం, ఎవరో చెప్పారని సీసా మందులు కలపటం, కొత్త ఇంజనుకు మేలు చేయవు. జబ్బును కొన్నాళ్లు దాచిపెడతాయి, అంతే.

గ్రామాలలో పనిచేసే విస్తరణ సోదరులకు ఒక మనవి. కొత్త ట్రాక్టరు వచ్చిన ఇంటికి వెళ్లినప్పుడు ఒక పుస్తకంలో అయిదు గడులు గీసి ఇవ్వండి: తేదీ, గంటల మీటరు, పట్టిన డీజిలు, కలిపిన ఆయిలు, చేసిన పని. మొదటిసారి గేజి పుల్ల డ్రైవరు చేతనే చూపించి, అంకె అతని చేతనే రాయించండి. యంత్రాన్ని రోజూ చూసేవాడు అతనే. యంత్రాల పని లోతుగా నేర్వగోరే యువకులకు అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వపు వ్యవసాయ యంత్రాల శిక్షణ సంస్థ వున్నదని కూడా చెప్పండి.

రైతు సోదరులారా, మీ ఇంటికి కొత్త యంత్రం వచ్చిన రోజున కొబ్బరికాయతోపాటు ఒక పుస్తకం, ఒక పెన్సిలు, ఒక కొలపాత్ర కూడా తెచ్చి ట్రాక్టరు పెట్టెలో వుంచండి. మొదటి 50 గంటలు ఓపిక పట్టండి. ఆ తరువాత ప్రతి 50 గంటలకు ఒక అంకె రాయండి. వచ్చే సార్వాకు కాలువ నీరు మీ చేను చేరిన రోజున మీ ట్రాక్టరు షెడ్డులో గాక చేలో వుంటుంది.